కందెన కథ

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్నారు పెద్దలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దారుల్లో తిరిగిన ఎడ్లబండ్ల ఇరుసులకు ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెనే ప్రాణం. పాలమూరు మెట్టచేలలో ఒకప్పుడు ఆముదపు పంటకు కొదవ ఉండేది కాదు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీ తన యంత్రపు నూనెకు 'క్యాస్ట్రాల్' అని పేరు పెట్టినదీ అందులో కలిపిన ఆముదాన్ని బట్టే.

1939లో జనరల్ మోటార్స్ 'హైడ్రామాటిక్' వచ్చాక గేరుపెట్టెలోని నూనెకు మరో బాధ్యత తోడైంది: రాపిడిని తగ్గించడమే కాక, తన పీడనంతో గేర్లు మార్చడం. అందుకే దాని మట్టం తగ్గినా, నల్లబడి మాడువాసన వేసినా ఉపేక్షించరాదు. కారుతో ఇచ్చిన పుస్తకం చెప్పిన రకాన్నే, చెప్పిన మట్టానికే పోయాలి.

ఎడ్లబండి కిర్రుమని ముందే మొరపెట్టుకునేది. కారు గేరుపెట్టె చాలాసార్లు మౌనంగానే అరిగిపోతుంది. సంగీతం వినబడలేదని కందెన మరువరాదు.