గజ్జె మోగిన నేల: వంగపండును చూచినవారి జ్ఞాపకములు

శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము ప్రాంతములలో అరువదేండ్లు పైబడినవారితో తీరికగా కూర్చుండి వంగపండు ప్రసాదరావు ప్రస్తావన తెచ్చినచో, వారు మొదట ఆయన పాటలోని మాటను చెప్పరు. ఆయన కాలిని గూర్చి చెప్పుదురు. గజ్జె కట్టిన ఆ పాదము నేలను తాకినప్పుడు పుట్టిన దరువును నోటితో పలికి చూపుదురు, అరచేతితో తొడమీద కొట్టి చూపుదురు. ఆ దరువు చేతికి దొరికిన పిమ్మటనే పాట వారికి జ్ఞప్తికి వచ్చును. కవుల పద్యములను జనులు కంఠస్థము చేయుట మన దేశమున సర్వసాధారణము. నటుల ముఖములను, గాయకుల కంఠములను తలచుకొని మురియుటయు కలదు. కాని ఒక కవియొక్క శరీరమును, ఆ శరీరము పట్టుకొని నడచిన లయను, అర్ధశతాబ్దము గడచినను తమ శరీరములలో దాచుకొన్న శ్రోతలను ఈ ఉత్తరాంధ్రమున తప్ప నేను మరెచ్చటను చూడలేదు.

వంగపండు 1943లో పార్వతీపురము చెంతనున్న పెదబొండపల్లిలో జన్మించెను. విశాఖపట్టణమున షిప్‌యార్డులో కార్మికుడుగా పనిచేసెను. 1972లో జననాట్యమండలి అను విప్లవ సాంస్కృతిక సంస్థను నెలకొల్పిన గద్దర్, బి. నరసింగరావు మున్నగువారిలో తానును ఒకడయ్యెను. వందలకొలది పాటలను, ‘భూమి భాగోతము’ అను నృత్యరూపకమును రచించెను. 2017లో రాష్ట్రప్రభుత్వపు కళారత్న పురస్కారము నందుకొనెను. 2020 ఆగస్టు 4న పార్వతీపురములో కన్నుమూసెను. జీవితచరిత్ర వ్రాయువారు ఈ తేదీల నడుమ నింపవలసినది చాల కలదు. నేనిచట చెప్పదలచినది ఆయన జీవితమును కాదు. ఆయన ఎదుట నేలమీద కూర్చున్నవారి జీవితములలో ఆయన మిగిల్చినదానిని.

ఆ కూర్చున్నవారెవరో తెలియుటకు శ్రీకాకుళము చెంతనున్న ఎచ్చెర్ల సీమను చూడుడు. ఎచ్చెర్ల యన్నంతనే నేటివారికి జాతీయరహదారి ప్రక్కనున్న విశ్వవిద్యాలయము స్ఫురించును. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా మొదలై, 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర స్వతంత్ర విశ్వవిద్యాలయమైన ఆ విద్యాలయమునకు ఒకవైపున షేర్‌మహమ్మద్‌పురము వంటి వ్యవసాయ గ్రామములును, మరియొకవైపున బుడగట్లపాలెము దాక సాగిన సముద్రతీరమును, అచట వేటకు పోవు జాలరుల ఇండ్లును కలవు. రైతుకూలీ, జాలరి, మిల్లు కార్మికుడు, బస్సు పాసు జేబులో పెట్టుకొని పట్టణమునకు చదువునకు వచ్చెడి పల్లెటూరి విద్యార్థి: ఈ నలుగురును ఒక్కచోట చేరు సందర్భములు ఈ సీమలో బహుస్వల్పము. అమ్మవారి పండుగ ఒకటి. ఎన్నికల సభ మరియొకటి. వంగపండు ఉన్ననాళ్ళు ఆయన ఆట మూడవది. పండుగలో ఎవరి వరుస వారిది, ఎన్నికల సభలో ఎవరి జెండా వారిది. ఈ మూడవదానిలో మాత్రము, చీకటిపడిన తరువాత, ఎవడు ఎవని ప్రక్కన కూర్చుండెనో చూచుకొనువారు లేకుండిరి.

అట్టి ఆటను చిన్ననాట నేనును చూచితిని. ఊరి చివరి మైదానమున, రెండు తాటిచెట్ల నడుమ కట్టిన బల్బు వెలుగులో, ఆట మొదలగుటకు ముందు జరిగిన పని ఒకటి నాకు ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఎండుతాటాకులు కుప్పవేసి మంటపెట్టి, డప్పుల ముఖములను ఆ సెగకు చూపుచుండిరి. మంచుపడి మెత్తబడిన తోలు వేడికి బిగిసికొనును. వాయించువాడు కొంతసేపు కాచి, వ్రేలితో మీటి, చెవిదగ్గర పెట్టుకొని, చాలదని మరల కాచును. ఆ మీటునప్పుడు వచ్చు ఒంటరి శబ్దమునకే చుట్టుప్రక్కల ఇండ్లనుండి పిల్లలు పరుగెత్తివచ్చిరి. వారి వెనుక, పొయ్యిలు ఆర్పి, చంకలలో పసివారితో తల్లులు వచ్చిరి. సభకు పిలుపు అదియే. వేరొక ప్రకటన యేదియు అక్కరలేకపోయెను.

ఆయన నిలుచున్నంతనే పాడలేదు. ముందు నాలుగడుగులు నడచెను. నడకలోనే గజ్జె పలికెను, ఆ పలుకును డప్పు అందుకొనెను, డప్పును జనుల చప్పట్లు అందుకొనెను. ఇంత జరిగినను నోట మాట రాలేదు. మేమందరము ఆ దరువులో ఒదిగిపోయి, ఇక పాట రాకపోయినచో ఊపిరియాడదన్న స్థితికి వచ్చిన పిదప, ఆయన తల యెత్తి మొదటిమాట విసరెను. ఆ మాట మా ఊరి మాట. పాఠ్యపుస్తకములలోని తెలుగు కాదు, రేడియో తెలుగు కాదు. మా అప్పలు, మా మావలు కళ్ళములోను గట్లమీదను ఆడుకొనెడి తెలుగు. బడిలో పలికినప్పుడు నవ్వులపాలైన యాసయే వేదికమీద గజ్జె కట్టుకొని నిలిచినప్పుడు, నా ప్రక్కనున్న ముదుసలి ఒకతె, ఈతడు మనోడేనే అని పదిమందికి వినబడునట్లు పలికినది. ఆ రాత్రి విన్న పాటలలో సగము నాకు జ్ఞాపకము లేవు. ఆ పలుకు జ్ఞాపకమున్నది.

ఈ లయ ఆయన సృజించినది కాదు, ఆయనకు ముందే ఈ నేలమీద నున్నది. ఆయన గొప్పతనము నిర్ణయించువారు ఈ సంగతిని మరువరాదు. ఉత్తరాంధ్రపు యాదవుల తప్పెటగుళ్ళను చూడుడు. గుండ్రని రేకు తప్పెటను మెడనుండి రొమ్ముమీద వ్రేలాడదీసికొని, రెండుచేతులతో దానిపై దరువు వేయుచు, నడుమునకు, కాళ్ళకు కట్టిన గజ్జెలు ఏకశబ్దమై పలుకుచుండగా, బృందమంతయు వలయముగా ఎగిరి పాడుదురు. వాద్యము వేరు, నర్తకుడు వేరు, గాయకుడు వేరు అన్న భేదము అచట లేదు. జముకులకథను చూడుడు. కుండవంటి వాద్యపు అడుగున తోలు బిగించి, ఆ తోలునుండి లాగిన నరమును ఒకచేత బిగించుచు, సడలించుచు, మరియొకచేత మీటుచుండగా, జముకు ఒకప్పుడు గొంతు పెగలని మనిషివలె మూలుగును, మరియొకప్పుడు గద్దించును. ఒక్క తీగతో ఇన్ని భావములు పలికింపవలెనన్న, శ్రుతికంటె తాళముమీదనే ఆధారపడవలెను. ఈ రెండిటి మధ్య పెరిగినవాడు వంగపండు. ఆయన ఆటలో తప్పెటగుళ్ళ ఎగురుడును కలదు, జముకుల వంతపాటయు కలదు.

జముకులకథను శ్రీకాకుళము జిల్లా తన రక్తచరిత్రతో ముడివేసికొన్నది. 1967 అక్టోబరు 31న లేవిడి యొద్ద, మొండెంఖల్లులో జరుగు గిరిజన సంఘ మహాసభకు పోవుచున్న గిరిజనులలో కోరన్న, మంగన్న అనువారు భూస్వాముల తుపాకులకు బలియైరి. ఆ పిమ్మట రగిలిన శ్రీకాకుళ పోరాటములో, బొడ్డపాడు ప్రాంతపు సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథను ఊరూర వినిపించి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించెను. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఉపాధ్యాయులిద్దరును 1970 జూలైలో నేలకొరగిరి. పోరాటము అణగారినది. ఎవరి తీర్పు ఏదైనను, ఇంతమంది యువకుల మృతి ఈ పల్లెల గుండెలో గడ్డకట్టియుండెను. దానిని గూర్చి బిగ్గరగా మాటలాడుట ప్రమాదమైన కాలమున, ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ అను వంగపండు పాట వచ్చినది. వాదము చేయలేదు, శపథము పట్టలేదు. ప్రక్కయింటి పిల్లవానిని జాతరకు పిలిచినంత చనువుగా పిలిచినది. ఏడ్వవలసినవారికి ఎగురుటకు ఒక త్రోవ చూపినది. ఆ పాటకు లేచి ఆడినవారిలో రాజకీయములు తెలిసినవారెందరో, కేవలము కాలు నిలువక లేచినవారెందరో విడదీయుట ఎవరి తరమును కాదు. విడదీయవలసిన అవసరమును నాకు కనబడదు.

షిప్‌యార్డు కార్మికుని చెవి మరియొక పాటలో వినబడును. యంత్రము నడచు తీరును వర్ణించు ఆయన పాట, మిల్లు కార్మికులకు ప్రాణప్రదము. నెల్లిమర్ల, చిట్టివలస జూటుమిల్లులలో పనిచేసినవారికి, రోజంతయు చెవులు గింగురుమనిపించిన మగ్గపు చప్పుడే రాత్రి పాటగా వచ్చినప్పుడు ఎట్లుండెడిదో వారే చెప్పవలెను. యంత్రమునకు ఒక తాళము కలదు. ఆ తాళమునకు లోబడి మనిషి పగలంతయు కదలును. సాయంకాలము అదే తాళమును తన కాలిక్రింద పెట్టుకొని ఆడును. దీనిని మించిన విడుదల కార్మికునకు ఏ కళ ఇయ్యగలదు?

ఈ గజ్జెకు ఒక పెద్దింటి బంధుత్వమును కలదని తలచినప్పుడు నాకు ఆశ్చర్యమును, ఆనందమును కలుగును. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1864లో అజ్జాడలో జన్మించెను. అజ్జాడయు పెదబొండపల్లియు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోనే యున్నవి. 1883లో విజయనగరమున ధ్రువచరిత్రతో గజ్జెకట్టిన ఆ మహానుభావుడు, 1919లో ఆ పట్టణపు సంగీతకళాశాలకు తొలి అధ్యక్షుడై, 1945లో అస్తమించునంతవరకు తెలుగునేల నంతటిని తన పాదముచుట్టు త్రిప్పుకొనెను. రెండుచేతుల, రెండుకాళ్ళ, శిరస్సున వేరువేరు తాళములను ఏకకాలమున చూపెనన్న ప్రతీతితో ఆయనను చూచినవారు పంచముఖి పరమేశ్వరుడని కొనియాడిరి. ఒకరు సంస్థానపు ఆస్థానమున, ఒకరు కూలీల కళ్ళములో; ఒకరిది భగవత్కథ, ఒకరిది భూమికథ. అయినను ఇరువురిని చూచిన జనులు ముందుగా తలచుకొన్నది లయనే. ఈ సీమ తన గొప్పవారిని అడుగుల చప్పుడుచేతనే గుర్తుపట్టును కాబోలు.

ఇట్టి స్మరణ సముద్రముల కావల కూడ కలదు. అమెరికాలోని నల్లజాతి సంగీతములో ఫంక్ అను శాఖకు ఆద్యులలో అగ్రగణ్యుడు జేమ్స్ బ్రౌన్. 1933లో దక్షిణ కెరొలినాలో నిరుపేద కుటుంబమున పుట్టి, ఆవర్తనపు మొదటి దెబ్బమీద వాద్యములన్నిటి బరువును నిలుపు పద్ధతిని ఆయన స్థిరపరచెను. పాటలోని రాగము సన్నగిల్లి, గిటారు, బాకా, కంఠము సైతము మృదంగములై పోయెను. 1962 అక్టోబరు 24న న్యూయార్కులోని అపోలో రంగశాలలో ఆయన కచేరిని రికార్డు చేయుటకు రికార్డుల సంస్థ సుముఖత చూపకపోగా, ఆయన తన సొమ్ముతోనే చేయించెను. మరుసటి యేట వెలువడిన ఆ రికార్డు అఖండవిజయము సాధించుటకు ఆయన గానము ఎంత కారణమో, దానితోపాటు పట్టుబడిన శ్రోతల కేకలును అంత కారణము. పాటగాడు ఒక మూలుగు మూల్గగా వేయిమంది బదులుచెప్పుట అందు వినబడును. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియైన మరునాడు, అల్లరులు చెలరేగునని నగరమంతయు భయపడుచుండగా, బోస్టనులో ఆయన చేసిన కచేరిని టెలివిజనులో ప్రసారము చేసి జనులను ఇండ్లలో నిలిపిన వైనము చరిత్రకెక్కినది. పత్తిచేలలో వెట్టిచాకిరి చేసిన తాతముత్తాతల దరువును ఆయన రంగశాల కెక్కించెను. పెదబొండపల్లి వాడు పల్లెల దరువును సభ కెక్కించెను. ఇద్దరికిని సభికుడు శ్రోత మాత్రుడు కాడు, వాద్యములలో ఒక వాద్యము.

అపోలోలో శ్రోతల కేకలు దక్కినవి. మనకు దక్కినది తక్కువ. వంగపండు పాటలు పుస్తకములుగా కలవు, ముదిమిలో పాడిన దృశ్యములు సెల్‌ఫోనులలో తిరుగుచున్నవి. అందు ఆయన కంఠము వినబడును, ఆట కనబడును. కాని కెమెరా అంతయు వేదికవైపే చూచుచున్నది. వంతపాడిన కూలీ ముఖము అందు లేదు. పమిటను నడుమున దోపి లేచిన పడుచు లేదు. ఏ చరణమున జనులు ముందే అందుకొని పాడిరో, ఏ మాటయొద్ద ఒక్కసారిగా మౌనమువహించిరో, అదియు లేదు. సగము ఆట ఎదుటనుండగా సగమునే చిత్రించినట్లున్నది. ఆ రెండవ సగమును చూచినవారి నోటనే వినవలెను. ఆయన పోయిన 2020లో కరోనా భయమువలన జనసమూహము గుమికూడరాదన్న కట్టుబాటుండెను. వేయిమంది నడుమ తప్ప పాడనివానిని వేయిమంది కూడి సాగనంపలేకపోయిరి. అప్పుడు చెప్పుకొనవలసిన కథలు అనేకము చెప్పుకొనకయే మిగిలిపోయినవి.

జ్ఞాపకములు పెరుగును, తరుగును, ఒకదానితో ఒకటి కలియును. ఒక రాత్రి ఆట మరియొక రాత్రికి అతుకబడును, ఊరిపేర్లు మారును, వానలో తడియుచు తెల్లవారుదాక ఆడెనని చెప్పువారు ప్రతి ఊర నుందురు. ఈ అతిశయోక్తులను చూచి చరిత్రకారుడు వెనుదీయరాదని నా తలంపు. తేదీలలో వారు పొరబడుదురుగాని, దరువులో పొరబడరు. ఒకే పాటను గూర్చి బుడగట్లపాలెపు జాలరిని, పార్వతీపురపు రైతును వేరువేరుగా అడుగుడు; మాటలు అటునిటు చేయుదురేమోగాని, ఏ అడుగున ఆగెనో, ఏ అడుగున ఎగిరెనో ఒక్కతీరున చూపుదురు.

మరియొకటి గమనించితిని. ముందువరుసలో కూర్చున్నవారు ఆయన ముఖమును, చెమటను, తలకు చుట్టిన తువ్వాలును జ్ఞాపకముంచుకొనిరి. అవి ఛాయాచిత్రములలోను దొరకును. జనుల వెనుక నిలువనైనను చోటులేక, గోడలమీద, బండ్లమీద, చెట్లకొమ్మలమీద ఎక్కి, మనిషి సరిగా కానరాక, గజ్జె చప్పుడును ముందున్నవారి భుజముల కదలికను మాత్రము అందుకొన్నవారు చెప్పునది వేరు. వారు ఆయనను చూడనేలేదని ఒప్పుకొందురు. చూడకయే, కొమ్మమీద కూర్చున్నచోటనే తమ కాలు ఆడినదని చెప్పుదురు. ఈ రెండు సాక్ష్యములలో ఒకదానినే చరిత్రకెక్కింపవలసివచ్చినచో నేను కొమ్మమీదివారి మాటనే ఎన్నుకొందును.