వర్గీకరణ: పసిపిల్లల తొలి గణితం

రంగు, ఆకారం, పరిమాణం వంటి ఏదో ఒక పోలికను బట్టి వస్తువులను గుంపులుగా వేరుచేయడమే వర్గీకరణ. అంకెలు వల్లించడానికి ముందే పిల్లల్లో ఇది మొదలవుతుంది.

చింతగింజలు, గవ్వలు, గుండీలు పళ్లెంలో కలిపి నాలుగేళ్ల పాప ముందు పెడితే, ముందు ఎర్ర గుండీలు ఏరుతుంది. మధ్యలో పెద్ద గుండీ కనిపిస్తే రంగు సంగతి మరిచి పెద్దవాటి వెంట పడుతుంది. అది తప్పు కాదు, ఆ వయసు ఆలోచన తీరే అంత. చేయి పట్టి దిద్దడం కన్నా "ఇవి ఒకచోట ఎందుకు పెట్టావమ్మా?" అని అడగడం ఎంతో మేలు. కారణం వెతుక్కునేటప్పుడే నియమం మనసుకెక్కుతుంది.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే పిల్లలకు చెక్కపూసలు చూపించాడు. ఎక్కువ గోధుమరంగువి, కొన్ని తెల్లవి. "గోధుమరంగు పూసలు ఎక్కువా, చెక్కపూసలు ఎక్కువా?" అంటే ఆరేళ్లలోపు వారిలో చాలామంది గోధుమరంగువే అన్నారు. భాగాన్ని, మొత్తాన్ని ఒకేసారి మనసులో నిలుపుకోవడం వారికి ఇంకా పట్టుబడదు. కూడిక, తీసివేతలకు ఆ పట్టే ఆధారం.

1907లో రోమ్‌లో బాలగృహం తెరిచిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో పరిమాణాన్ని బట్టి పేర్చే గులాబీ గోపురం ప్రసిద్ధం: ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది ఘనాలు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

చేతులతోనే గణితం నేర్పడంలో తెలుగిళ్ల వామనగుంటల ఆటదీ ఇదే దారి. గుంటకొక గింజ వేస్తూ పోవడంలో లెక్కింపు వేళ్లకే అలవాటవుతుంది. మూడేళ్లలోపు వారికి మాత్రం గింజలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. వేరుచేసి ఆడుకోవడానికి వారికి గిన్నెలు, మూతలు, ఉతికిన మేజోళ్లు చాలు.