‘తురక’ అన్న మాట వెనుక

నేను చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఒకనాడు తరగతిలో నేనడిగిన ప్రశ్నకు ఒక కుర్రవాడు తడుముకోకుండా జవాబు చెప్పాడు. ‘తురకవాడివై ఉండి ఎంత చక్కని తెలుగు మాట్లాడతావోయ్!’ అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. ఆ కుర్రవాడు తలవంచుకుని, ‘మా ఇంట్లో ఇంకో భాష రాదండీ’ అన్నాడు. అతడు దూదేకులవాడు. తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన ఆ జనంలో చాలామందికి తెలుగే తల్లిభాష. నా మెప్పులో ఉన్న అవమానం ఆ జవాబు వినేదాకా నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు చరిత్ర చెప్పిన నా నోటికి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది?

ముందుగా మాట సంగతి చూద్దాం. తురుష్కుడన్నా తురక అన్నా మొదట జాతి పేరే గాని మతం పేరు కాదు. 12వ శతాబ్దిలో కల్హణుడు ‘రాజతరంగిణి’లో కనిష్కాదులను తురుష్క వంశీయులన్నాడు. వారు మఠాలు, చైత్యాలు కట్టించారని కూడా చెప్పాడు. కనిష్కుడు ఇస్లాం పుట్టుకకు కొన్ని శతాబ్దాల ముందువాడు! 1323లో ఓరుగల్లు పడిపోయిన తర్వాత వెలువడిన విలస తామ్రశాసనం ఢిల్లీ సేనలను యవనులంది. ఆ మాట అంతకుముందు గ్రీకులకు చెల్లినది. ఆ శాసనంలో విగ్రహాలు పగలగొట్టడం గురించీ, అగ్రహారాలు లాక్కోవడం గురించీ తీవ్రమైన నింద ఉన్న మాట నిజమే. దాన్ని దాచిపెట్టనక్కరలేదు. అయితే ఆ నింద దండెత్తి వచ్చిన సేనల మీదిది. దూది ఏకుకునేవాడి మీదిది కాదు.

అదే శతాబ్ది నడుమ విజయనగర ప్రభువులు ‘హిందూరాయ సురత్రాణ’ అన్న బిరుదు ధరించారు. సురత్రాణుడంటే సుల్తానే. పగవాని బిరుదును తాము నగగా పెట్టుకోవడం వారికి నామోషీ అనిపించలేదు. మన పాత రచనలు ఆనాటి మహారాజులను అశ్వపతి, గజపతి, నరపతి అని లెక్కపెట్టాయి. సుల్తాను అశ్వపతి, ఓఢ్రరాజు గజపతి, విజయనగర రాయలు నరపతి. ఈ లెక్కకు ఆధారం సైనికబలమే గాని మతం కాదు.

మరి 1565 నాటి తళ్ళికోట యుద్ధం? దాన్ని హిందూ ముస్లిం యుద్ధమని మేమంతా బడిలో వల్లించినవాళ్ళమే. అయితే ఆ యుద్ధంలో రామరాయలకు ఎదురు నిలిచిన ఇబ్రహీం కుతుబ్‌షా, అంతకుముందు గద్దెకు దూరమైన రోజుల్లో సుమారు ఏడేళ్ళు తలదాచుకున్నది విజయనగరంలోనే. గోలకొండ ఏలికైన తర్వాత అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. యుద్ధానికి కొన్నేళ్ళ ముందు ఇదే రామరాయలు బిజాపురం సుల్తానుతో చేతులు కలిపి అహమ్మదునగరం మీదికి దండెత్తాడు. ఆపై 1687లో గోలకొండ సుల్తాను రాజ్యాన్ని మింగినది మరో ముస్లిం పాదుషా ఔరంగజేబే. రాజుల కత్తికి కావలసింది కోటలూ కప్పాలూ. మతం ఒరకు వేసిన పనితనం.

ఈ చిక్కుముడినంతా కత్తిరించి చరిత్రను సులువు చేసినవాడు జేమ్స్ మిల్. 1817లో వెలువడిన తన భారత చరిత్రలో హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ పాలన అని మూడు ముక్కలు చేశాడు. ఆయన ఈ దేశంలో అడుగుపెట్టలేదు, ఇక్కడి భాష ఒక్కటీ నేర్వలేదు. తమ ఏలుబడికి మాత్రం క్రైస్తవ యుగమని పేరు పెట్టుకోకపోవడం గమనించాలి! తర్వాత 1871-72 మొదలు జనాభా లెక్కలు వచ్చాయి. దర్గాకు మొక్కి, పీర్ల పండుగలో గుండం చుట్టూ ఆడి, జాతరకూ వెళ్ళే పల్లె మనిషిని ఒక్క గడిలో నిలబెట్టాయి. 1909 నాటి చట్టంలో ముస్లిములకు వేరు నియోజకవర్గాలు ఏర్పడడంతో ఆ గడి రాజకీయమైన గోడ అయింది.

గోడకు రెండు వైపులా నాయకులు లాభపడ్డారు. నష్టపడ్డవాడు దూదేకులవాడు. ఇటువారు అతణ్ణి పరాయివాడన్నారు. అటువారిలో కొందరు ఉర్దూ రాదని చిన్నచూపు చూశారు. అతని బతుకు నవాబు బతుకు కన్నా పక్కవీధి సాలెవాని బతుక్కే దగ్గర. ఆ దగ్గరితనం కనపడకుండా చెయ్యడమే ఈ పేరు చేసే పని.

అంతమాత్రాన పేర్లన్నీ చెరిపేస్తే సరిపోతుందనడం లేదు. దూదేకులవారు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. ఆ పేరు అక్కడ వారికి హక్కు. మనిషి తన కష్టం చెప్పుకోవడానికి పేరు వాడుకోవడం వేరు, ఎదుటివాడు ఆ పేరు చూసి మనిషిని ముందే తేల్చెయ్యడం వేరు. నేను చేసింది రెండోది.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకుని, ఆ ఒక్క మాటకే గంటసేపు పాఠం చెప్పాను. కుర్రవాడు శ్రద్ధగా విన్నాడు గాని నవ్వలేదు. గంటసేపట్లో తీరే బాకీ కాదు గదా అది!