మంచానికో ప్లంజర్

1980ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయనకు ఇంట్లోనే గుండె ఆగిపోయింది. కొడుకు చేతికి దొరికింది టాయిలెట్ మూసుకుపోతే వాడే ప్లంజర్. దాని రబ్బరు కప్పును తండ్రి ఛాతీకి ఆనించి నొక్కాడు, లాగాడు, మళ్లీ నొక్కాడు. ఆయన బతికాడు. పైగా ఆ కొడుకు డాక్టర్లకే సలహా ఇచ్చాడు: గుండె జబ్బుల వార్డులో మంచానికో ప్లంజర్ పెట్టండని!

నవ్వి వదిలేసే మాటే. కీత్ లూరీ అనే డాక్టరు మాత్రం వదల్లేదు. 1990లో సహచరులతో కలిసి ‘జామా’ వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స సీపీఆర్‌లో ‘పీ’ అంటే ప్లంబర్ పనిముట్టేనంటూ దానికి కొంటె శీర్షిక పెట్టారు.

అంతకు 30 ఏళ్ల ముందు ఛాతీ నొక్కే పద్ధతిని లోకానికి చెప్పిందీ ఆ పత్రికే. అదీ వెతికితే దొరికింది కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో కుక్కలకు కరెంటు షాకిచ్చి గుండెను దారిలో పెట్టే ప్రయోగాలు జరుగుతున్నాయి. బరువైన ప్యాడిల్స్‌ను ఛాతీకి అదిమినప్పుడల్లా, షాక్ ఇవ్వకముందే, రక్తపోటు కాస్త పెరగడం అక్కడి పరిశోధకుడు నికర్‌బాకర్ కంటపడింది. సహచరులు కౌవెన్‌హోవెన్, జూడ్‌లతో కలిసి 1960లో ఆ సంగతి ప్రకటించాడు. ఇక అప్పట్నుంచీ అందరి ధ్యాసా నొక్కడం మీదే.

బోరింగు కొట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పిడి దించితే చాలదు, ఎత్తాలి కూడా. ఛాతీని నొక్కితే గుండెలోని రక్తం ఒంట్లోకి పోతుంది. ఛాతీ తిరిగి లేచినప్పుడే గుండె నిండుతుంది. ప్లంజర్ ఆ లేవడాన్ని బలవంతంగా చేయించింది. ఖాళీ చేతులతో సీపీఆర్ చేసేవాళ్లకు కూడా ఇప్పుడు శిక్షణలో గట్టిగా చెప్పేది ఇదే: నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా లేవాలి, దానిమీద వాలిపోకూడదు.

డెన్మార్క్ కంపెనీ ఆంబూ ప్లంజర్‌ను వైద్య పరికరంగా మలిచింది. ఫలితాలు మాత్రం తగాదా పెట్టాయి. 1996లో కెనడాలోని అంటారియో పరిశోధన ప్రయోజనం కనిపించలేదంది. 1999లో ఫ్రాన్స్‌లో 750 మందిని పరిశీలిస్తే, ఏడాది తర్వాత బతికున్నవాళ్లు ఈ పద్ధతిలో 5 శాతం, మామూలు పద్ధతిలో 2 శాతం. తర్వాత ఊపిరి గొట్టానికి ఓ చిన్న కవాటం జోడించారు. ఛాతీ లేచేటప్పుడు గాలిని లోపలికి రానివ్వకపోతే, ఆ వెలితిని పూడ్చడానికి రక్తమే ఎక్కువగా వస్తుందని ఆలోచన. కవాటం ఒక్కటే వాడి చూసిన పెద్ద పరీక్ష తేలిపోయింది. రెండూ కలిపి వాడినప్పుడు, మెదడు దెబ్బతినకుండా ఇంటికెళ్లినవాళ్లు 6 నుంచి 9 శాతానికి పెరిగారని 2011లో ‘లాన్సెట్’ ప్రచురించింది.

2015 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఈ జోడీకి అనుమతిచ్చింది. చూడ్డానికి ఇప్పటికీ ప్లంజరే: కింద మెత్తని కప్పు, పైన పిడి. ఎంత బలంతో నొక్కుతున్నారో, ఎంత బలంతో లాగుతున్నారో చూపే మీటరొకటి మాత్రం కొత్తగా చేరింది.