గృహ ఏసీల్లో ఉష్ణోగ్రత సెన్సర్ లోపాల నిర్ధారణ

స్ప్లిట్ ఏసీ ఇండోర్ యూనిట్‌లో సాధారణంగా రెండు ఉష్ణోగ్రత సెన్సర్లు ఉంటాయి. ఫిల్టర్ వెనుక, లోపలికి వచ్చే గాలికి ఎదురుగా ప్లాస్టిక్ క్లిప్పులో కూర్చునేది గది సెన్సర్. కూలింగ్ కాయిల్ గొట్టానికి అతికించిన చిన్న రాగి గూటిలో దూర్చి ఉండేది కాయిల్ సెన్సర్. ఇన్వర్టర్ ఏసీల అవుట్‌డోర్ యూనిట్‌లో ఇవి కాక బయటి గాలికి, అక్కడి కాయిల్‌కి, కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ వెలువడే డిశ్చార్జ్ పైపుకి వేరే సెన్సర్లు ఉంటాయి. కంప్రెసర్ ఎప్పుడు తిరగాలో, ఎంత వేగంతో తిరగాలో, ఎప్పుడు ఆగాలో పీసీబీ (ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు) నిర్ణయించేది వీటి మాట మీదే. అయితే లోపం వచ్చినప్పుడు రెండు అలవాట్లు పాతుకుపోయాయి. డిస్‌ప్లే మీద కోడ్ పడితే వెంటనే సెన్సర్ మార్చేస్తారు. కోడ్ పడకపోతే సెన్సర్ బాగానే ఉందని వదిలేసి గ్యాస్ తగ్గిందంటారు. రెండింటికీ మూలం ఒకే అపోహ: కోడ్ సెన్సర్ స్థితిని చెబుతుందనుకోవడం. నిజానికి అది పీసీబీకి అందిన వోల్టేజీని మాత్రమే చెబుతుంది. సెన్సర్‌ని నమ్మవచ్చో లేదో తేలేది, తెలిసిన ఉష్ణోగ్రత దగ్గర దాని నిరోధాన్ని కొలిచినప్పుడే.

ఇది ఎందుకో తెలియాలంటే సెన్సర్ పనితీరు చూడాలి. గృహ ఏసీల్లో వాడేవి ఎన్‌టీసీ థర్మిస్టర్లు. వేడి పెరిగేకొద్దీ వీటి నిరోధం తగ్గుతుంది. ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లో సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1930లో, వాడకానికి పనికొచ్చే థర్మిస్టర్‌ని శామ్యూల్ రూబెన్ రూపొందించాడు. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపే సెన్సర్ చాలా ఏసీల్లో కనిపిస్తుంది. 5, 15, 20 కిలో ఓమ్‌లవీ ఉన్నాయి. పీసీబీ మీద స్థిరమైన నిరోధకం ఒకటి దీనితో వరుసలో ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట వోల్టేజీని చదివి, తనలో ఉన్న పట్టిక ప్రకారం మైక్రోకంట్రోలర్ దాన్ని డిగ్రీల్లోకి మారుస్తుంది. వైరు తెగితే గది అసాధ్యమైనంత చల్లగా ఉన్నట్టు, రెండు వైర్లూ తాకితే అసాధ్యమైనంత వేడిగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. పీసీబీ లోపంగా గుర్తించేది ఈ రెండు కొసలనే. డైకిన్ ఏసీల్లో గది గాలి సెన్సర్‌కి సీ9, ఇండోర్ కాయిల్ సెన్సర్‌కి సీ4 కోడ్ వచ్చేది ఇలాంటప్పుడే. కానీ కనెక్టర్ వదులైనా, ఎలుక వైరు కొరికినా, పీసీబీ మీద సోల్డర్ చిట్లినా, ఆ స్థిర నిరోధకమే పోయినా వచ్చేది అదే కోడ్. సెన్సర్ అనుమానితుల్లో ఒకటి, అంతే.

రెండు కొసల మధ్య జరిగేదే అసలు ఇబ్బంది, ఎందుకంటే అక్కడ ఏ కోడూ పడదు. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల సెన్సర్ నిరోధం ఒక డిగ్రీకి సుమారు నాలుగున్నర శాతం మారుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టి 1 కిలో ఓమ్ అదనంగా చేరిందనుకుందాం. 25 డిగ్రీల గదిని పీసీబీ సుమారు 23గా చదువుతుంది. గది చల్లబడకముందే కంప్రెసర్ ఆగుతుంది. తేమ చేరినప్పుడు ఫలితం తలకిందులవుతుంది. సెన్సర్ పూత చిట్లి లోపలికి నీరు చేరితే విద్యుత్తుకు పక్కదారి ఏర్పడి, నిరోధం తగ్గి, ఉన్నదానికంటే వేడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ పక్కదారి నిరోధం 100 కిలో ఓమ్‌లైతే గది సెన్సర్‌లో తేడా రెండు డిగ్రీలే. అదే తేమ కాయిల్ సెన్సర్‌లో చేరితే, కాయిల్ 0 డిగ్రీలకు దిగినా పీసీబీకి అయిదారు డిగ్రీలున్నట్టే తోస్తుంది. మంచు పట్టకుండా కంప్రెసర్‌ని ఆపాల్సిన రక్షణ అప్పుడు పనిచేయదు. నిరంతరం నీరు కారే చోట ఉండేది కాయిల్ సెన్సరే కాబట్టి తేమ ముప్పు దానికే ఎక్కువ, నష్టమూ దానివల్లే ఎక్కువ. గది సెన్సర్ తప్పినా కరెంటు బిల్లు మీద భారం తక్కువేం కాదు. ఏసీని ఒక డిగ్రీ ఎక్కువలో పెడితే దాదాపు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలకు 24 డిగ్రీల డిఫాల్ట్‌ని తప్పనిసరి చేసిందీ ఆ ఆదా కోసమే. సెన్సర్ రెండు డిగ్రీలు ఎక్కువ చూపితే, రిమోట్‌లో 24 పెట్టినా ఏసీ 22 వరకూ శ్రమిస్తూనే ఉంటుంది.

గ్యాస్ గురించిన తప్పుడు తీర్పులూ ఇక్కడే పుడతాయి. చాలా మోడళ్లలో కంప్రెసర్ కొంతసేపు తిరిగాక కూడా కాయిల్ చల్లబడలేదని తెలిస్తే పీసీబీ గ్యాస్ కొరతగా భావించి ఏసీని ఆపేస్తుంది. ఆ ‘చల్లబడలేదు’ అన్న కబురు తెచ్చేది కాయిల్ సెన్సరే. అది గూటిలోంచి జారి బయట వేలాడుతుంటే, గ్యాస్ నిండుగా ఉన్నా కొరత కనిపిస్తుంది. కాయిల్ మీద మంచు కట్టడానికి మురికి ఫిల్టర్, నెమ్మదించిన బ్లోయర్, నిజమైన గ్యాస్ లీకు కూడా కారణాలే కాబట్టి మంచు చూసి సెన్సర్‌ని తప్పుపట్టడమూ తొందరపాటే. కొలత అవసరం ఇంతగా ఉన్నది అందుకే.

కొలిచే ముందు ఎంసీబీ ఆపాలి. కొన్ని పీసీబీల్లో సెన్సర్ వైర్లు కూడా మెయిన్స్‌తో కలిసే ఉంటాయి. ఇన్వర్టర్ అవుట్‌డోర్ యూనిట్ కెపాసిటర్లలో కరెంటు ఆపాక కూడా కొన్ని నిమిషాలపాటు 300 వోల్టుల పైబడిన ప్రమాదం నిలిచి ఉంటుంది. ఆ యూనిట్ జోలికి మెకానిక్ తప్ప ఇంకెవరూ వెళ్లకూడదు. ఇండోర్ సెన్సర్ కనెక్టర్‌ని పీసీబీ నుంచి విడదీసి మల్టీమీటర్‌తో కొలవాలి. విడదీయకుండా కొలిస్తే పీసీబీ నిరోధకాలు కూడా లెక్కలో కలిసి అంకె తప్పుతుంది. తర్వాత సెన్సర్ మొనని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కొద్దిగా నీళ్లు కలిపిన నలగ్గొట్టిన ఐసులో అయిదు నిమిషాలుంచాలి. అది 0 డిగ్రీలు. ఏ ఇంట్లోనైనా దొరికే నమ్మకమైన ప్రమాణం. కంపెనీ పట్టిక లేని వాళ్లేం చేయాలన్న ప్రశ్న సహజం. పట్టిక లేకపోయినా నిష్పత్తి చాలు. 30 డిగ్రీల గదిలో చూపిన విలువకు ఐసులో చూపేది సుమారు మూడున్నర నుంచి నాలుగు రెట్లుండాలి, సెన్సర్ 5 కిలో ఓమ్‌లదైనా 20దైనా. అంతకంటే బాగా తక్కువ పెరిగినా, అంకె నిలవకుండా ఊగిసలాడినా సెన్సర్ చెడినట్టే. సెన్సర్ బాగుండి కోడ్ మాత్రం పోకపోతే, మెకానిక్ దాని స్థానంలో అదే విలువ గల మామూలు నిరోధకాన్ని కాసేపు పెట్టి చూడవచ్చు. అప్పటికీ కోడ్ వస్తే లోపం పీసీబీది.

సెన్సర్ ఖరీదు తక్కువ, ఇంత పరీక్షకు పట్టే సమయంలో కొత్తది వేసేయవచ్చు కదా అని చాలామంది అనుభవజ్ఞులైన మెకానిక్‌లు అంటారు. సరైన విలువ గలది చేతిలో ఉంటే ఆ వాదనలో బలముంది. అయితే రెండు పిన్నుల కనెక్టర్ ఏ విలువదైనా ఒకేలా అమరుతుంది. 10 కిలో ఓమ్‌ల చోట 5 పెడితే ఎర్రర్ కోడ్ మాయమవుతుంది, పని పూర్తయినట్టే కనిపిస్తుంది. కానీ 25 డిగ్రీల గది పీసీబీకి 41 దాటినట్టు కనిపిస్తుంది. కంప్రెసర్ ఇక ఆగదు. కాయిల్ సెన్సర్‌గా పెడితే 5 డిగ్రీల కాయిల్ 19గా తోస్తుంది. దొరికే లోపాన్ని దొరకని లోపంగా మార్చే మరమ్మతు ఇది. కాబట్టి మార్చాలనుకున్నా పాతదాన్ని కొలవక తప్పదు. అది పూర్తిగా పోయి ఉంటే మోడల్ నంబరు చెప్పి అదే విలువ తెప్పించుకోవాలి.

మీటరు పట్టుకోలేని లోపమూ ఒకటుంది: స్థానం తప్పడం. నీటి సర్వీసింగ్ చేసేటప్పుడు గది సెన్సర్‌ని పక్కకు తీసి, తిరిగి క్లిప్పులో సరిగ్గా కూర్చోబెట్టకపోతే అది కాయిల్ రేకుల్ని ఆనుకుంటుంది. ఐసు పరీక్షలో నెగ్గుతుంది, ఏసీలో మాత్రం కాయిల్ చల్లదనాన్నే గది చల్లదనంగా నివేదిస్తుంది. సర్వీసింగ్ అయిన మర్నాటి నుంచే కంప్రెసర్ త్వరత్వరగా ఆగుతుంటే, మీటరు తీయకముందే ముందు మూత తెరిచి సెన్సర్ ఎక్కడుందో చూడటం మేలు. రిమోట్‌లోనే సెన్సర్ ఉండే మోడళ్లలో ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే రిమోట్ ఎక్కడుందో కూడా చూడాలి. కిటికీ ఎండలో ఉన్నా, దిండు కింద ఉన్నా అది చెప్పే ఉష్ణోగ్రత గదిది కాదు. అప్పుడప్పుడు వచ్చి పోయే కోడ్‌కి మాత్రం ఓపిక కావాలి: మీటరు తగిలించి ఉంచి, వైరుని కనెక్టర్ నుంచి మొన దాకా అంగుళం అంగుళం చొప్పున మెల్లగా వంచుతూ, అంకె ఎక్కడ ఎగిరిపడుతుందో చూడాలి. విరిగిన చోటు తరచుగా వైరు యూనిట్ అంచు మీద మలుపు తిరిగే దగ్గరే ఉంటుంది.