అక్షరానికి వేసిన వేషం

కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ మొదటి వారంలోనే నేర్చేసుకునే విద్యలు మూడు. అక్షరాన్ని లావు చెయ్యడం, పక్కకు వాల్చడం, కింద గీత గీయడం. బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్. ఆ బొత్తాలు నొక్కుతూ నొక్కుతూ జీవితం గడిపేస్తాం గానీ, ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎందుకు వచ్చాయి అని మాత్రం అడగం. "ఎందుకు?" అని అడగడమే మన పని కాబట్టి, ఈసారి వీటిని అడుగుదాం.

నేను చదివింది బీకాం. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అక్షరాల కంటే అంకెలతోనే నాకు చనువెక్కువ. కానీ ఎదురుగా ఉన్న కాగితాన్ని నమ్మాలా వద్దా అని తేల్చడమే నా ఉద్యోగం. ఆ కోణంలోంచే ఇది రాస్తున్నాను.

ముందు ఇటాలిక్ సంగతి. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూటియస్ అనే ప్రచురణకర్త వర్జిల్ కావ్యాలను చేతిలో పట్టేంత చిన్న పుస్తకంగా వేశాడు. దానికోసం ఫ్రాన్చెస్కో గ్రిఫో అనే పనివాడు ఆనాటి పండితుల గొలుసుకట్టు చేతిరాతను చూసి, వాలుగా ఉండే అచ్చు అక్షరాలు చెక్కాడు. గమనించండి, పుస్తకం మొత్తం ఆ వాలు అక్షరాల్లోనే ఉంది. అంటే ఇటాలిక్ పుట్టింది ఒక మాటను నొక్కి చెప్పడానికి కాదు. అదొక చేతిరాత నమూనా, అంతే. నొక్కి చెప్పే పని దానికి తర్వాత అంటగట్టారు.

బోల్డ్ ఇంకా చిన్నది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో లాటరీ ప్రకటనల కోసం, గోడ పోస్టర్ల కోసం బాగా లావెక్కిన అక్షరాలు తయారుచేశారు. దారిన పోయేవాణ్ణి ఆపడమే వాటి పని. 1845లో అక్కడి ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ నుంచి రాబర్ట్ బెస్లీ 'క్లారెండన్' అనే టైపు తెచ్చాడు. మామూలు అక్షరాల పక్కన ఒద్దికగా ఇమిడే లావు అక్షరం అది. నిఘంటువుల్లో పదం లావుగా, అర్థం సన్నగా కనిపించే పద్ధతి అలా స్థిరపడింది. మొత్తానికి బోల్డుకు ఒక తల్లి నిఘంటువు, ఇంకో తల్లి లాటరీ ప్రకటన. ఈ రెండో తల్లి పోలికలు ఇప్పటికీ పోలేదని మీ ఫోన్ తెరిస్తే తెలుస్తుంది.

ఇక అండర్‌లైన్. ఇది నిజానికి పాఠకుడికి చెప్పిన మాట కాదు, అచ్చుకూర్చేవాడికి ఇచ్చిన ఆదేశం. ఇంగ్లిష్ రాతప్రతిలో ఒక మాట కింద ఒక గీత గీస్తే ఇటాలిక్‌లో వెయ్యమని, వంకీల గీత గీస్తే బోల్డులో వెయ్యమని అర్థం. టైపు మిషన్‌కు వాలు అక్షరాలు లేవు కాబట్టి ఆ గీతే గతి అయింది. బోల్డు కావాలంటే వెనక్కి జరిపి అదే అక్షరం మీద మళ్ళీ కొట్టేవాళ్ళం. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌లో కూడా ఇదే తంతు: కంట్రోల్-పి, తర్వాత బి నొక్కితే బోల్డ్ మొదలు, మళ్ళీ అదే నొక్కితే ఆఖరు. తెర మీద కనబడేది గుర్తు, కాగితం మీద పడేది లావు అక్షరం.

తెర మీద ఏది కనిపిస్తే కాగితం మీద అదే రావాలన్న ఆలోచన అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో 1974లో 'బ్రావో' అనే ప్రోగ్రామ్‌గా రూపుదిద్దుకుంది. రాసినవాళ్ళలో ముఖ్యులు బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోని. ఈ సిమోనియే తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళాడు, 1983లో 'వర్డ్' వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న మలుపు ఉంది. అంతకుముందే, 1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు వేరే దారిలో ఆలోచించారు. ఒక వాక్యం 'ఎలా కనిపించాలి' అన్నది కాదు, అది 'ఏమిటి' అన్నది రాసిపెట్టాలి అన్నారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని గుర్తు పెడితే చాలు, ఎంత లావుండాలో తర్వాత చూసుకోవచ్చు. ఇవాళ వర్డ్‌లో 'హెడింగ్ 1', 'నార్మల్' అని కనిపించే స్టైల్స్ వెనకున్న ఆలోచన ఇదే.

లెక్కల వాడిగా నాకిది వెంటనే అర్థమైంది. ప్రభుత్వ పద్దుల్లో 2076 అంటే సైన్యం, 2077 అంటే నౌకాదళం, 2078 అంటే వైమానిక దళం. ఆ అంకెను ఎర్ర సిరాతో రాసినా, నల్ల సిరాతో రాసినా, లావుగా రాసినా పద్దు మారదు. పద్దు కోడ్‌లో ఉంది, సిరాలో లేదు. స్టైల్ అంటే కోడ్, బోల్డ్ అంటే సిరా. శీర్షికను హెడింగ్ స్టైల్‌లో పెడితే విషయసూచిక తనంతట తనే వస్తుంది. కళ్ళు లేనివారికి స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకగలుగుతుంది. అక్షరాలు ఊరికే లావు చేసి వదిలేస్తే వారికి అదంతా ఒకటే ప్రవాహం.

మరి మన తెలుగు మాటేమిటి? తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లేదు. ఇటాలిక్ అనే చేతిరాత సంప్రదాయం కూడా లేదు. అందుకని చాలా ఫాంట్లలో ఇటాలిక్ బొత్తం నొక్కితే సాఫ్ట్‌వేర్ మామూలు అక్షరాన్నే పట్టుకుని పక్కకు తోస్తుంది. బోల్డు రూపం వేరుగా గీసి పెట్టని ఫాంటయితే అంచులు మందం చేసి ఊరుకుంటుంది. అక్కడే చిక్కు. 'ర'కూ 'ఠ'కూ తేడా లోపలి చుక్క. 'ధ'కూ 'థ'కూ తేడా కూడా ఒక చుక్కే. చిన్న సైజులో మందం చేస్తే ఆ చుక్క పూడుకుపోయి పాఠం కాస్తా పారం అవుతుంది, కథ కాస్తా కధ అవుతుంది. కింద గీత గీస్తే అది ఒత్తుల మీంచి, సుడుల మీంచి పోతుంది. లాటిన్ అక్షరాల కోసం కుట్టిన చొక్కా అది, మనకు చంకల్లో పట్టేస్తుంది.

అసలు మన భాషకు ఆ అవసరం కూడా తక్కువే. "రాముడు చెప్పాడు" అన్నదాన్ని నొక్కి చెప్పాలంటే "రాముడే చెప్పాడు" అంటాం. ఒక్క ఏత్వంతో పని అయిపోయింది. తాటాకు మీద గంటంతో రాసినవాడికి బోల్డు లేదు, అయినా చెప్పదలచుకున్నది గట్టిగానే చెప్పాడు.

కంప్యూటర్లో తెలుగుకు ఇంకో విచిత్రమైన దశ గడిచింది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లతో పని జరిగేది. ఆ ఫైల్లో నిజానికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు, తెలుగు కనిపించేది ఫాంట్ వేసిన వేషం వల్ల. ఫాంట్ మార్చగానే తెలుగు మాయమై పిచ్చి గీతలు మిగిలేవి. మా ఫరీదాబాద్‌లో సెక్టార్ 12 కోర్టు దగ్గర హిందీ టైపు చేసేవాళ్ళకు కృతిదేవ్ ఫాంట్‌తో ఇదే అనుభవం. అక్కడ వేషమే మనిషి, వేషం తీస్తే లోపల మనిషి లేడు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంట్ వచ్చాక మామూలు ఇళ్ళల్లో కూడా 'క' అంటే 'క'గానే నిలబడింది, ఏ ఫాంట్ తొడిగినా.

ఇంతవరకూ చరిత్ర. ఇప్పుడు మనకు పనికొచ్చే ముక్క.

అక్షరం రూపానికి పుట్టిన తేదీ ఉంటుంది. ఈ సంగతి శాసనాలు చదివేవాళ్ళకు ఎప్పుడో తెలుసు. గంగరాజుల పేరుతో దొరికిన అనేక తామ్రశాసనాలు నకిలీవని 19వ శతాబ్దంలోనే జె.ఎఫ్. ఫ్లీట్ వాదించాడు. శాసనం చెప్పుకునే కాలానికీ అక్షరాల ఒడ్డుపొడుగులకూ పొంతన లేకపోవడం ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి.

అదే పద్ధతి కంప్యూటర్ యుగంలోనూ పనికొచ్చింది. 2004 సెప్టెంబర్ 8న అమెరికాలో సీబీఎస్ టీవీ అధ్యక్షుడు బుష్ సైనిక సేవ గురించి 1970ల నాటివంటూ కొన్ని పత్రాలు చూపించింది. వాటిలో ఒకదాన్ని వర్డ్‌లో, మామూలుగా వచ్చే సెట్టింగులతోనే టైపు చేసి పైన పెట్టి చూస్తే దాదాపు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వెడల్పు తేడాలతో అక్షరాలు కొట్టే టైపు మిషన్లు ఆ రోజుల్లో అసలే లేవని కాదు, ఉన్నాయి. కానీ ఇంత పోలిక కుదరడం కష్టం. పన్నెండు రోజుల తర్వాత ఆ పత్రాలు అసలైనవని తాము నిరూపించలేమని ఆ సంస్థే ఒప్పుకుంది.

2017లో పాకిస్తాన్‌లో నవాజ్ షరీఫ్ కుటుంబ ఆస్తుల కేసులో 2006 ఫిబ్రవరి తేదీతో ఉన్న ఒక పత్రం కాలిబ్రి ఫాంట్‌లో ఉందని తేలింది. కాలిబ్రి జనం చేతికి వచ్చింది 2007 జనవరి చివర్లో. పెద్ద గోల అయింది. అయితే ఇక్కడ మనం తొందరపడకూడదు. విస్టా పరీక్ష వెర్షన్లలో ఆ ఫాంట్ అంతకుముందే ఉందని సాక్ష్యమిచ్చిన నిపుణుడే తర్వాత అంగీకరించాడు. 2018లో మరియం నవాజ్‌కు శిక్ష పడింది, 2022 సెప్టెంబర్‌లో ఇస్లామాబాద్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఫాంట్ అనుమానం పుట్టించగలదు. ఆ అనుమానం ఎంత బలమైనదో వేరే లెక్క కట్టాలి.

మనకు ఇంతకంటే సులువైన కొలబద్ద ఒకటుంది. రూపాయి గుర్తు ₹. కేంద్ర మంత్రివర్గం దాన్ని ఆమోదించింది 2010 జూలై 15న. అదే ఏడాది అక్టోబర్‌లో యూనికోడ్‌లో చేరింది. 2005 నాటి రసీదు అని ఎవరైనా తెచ్చి, అందులో ఆ గుర్తు అచ్చయి ఉంటే, ఆ కాగితం ఆ ఏడు తయారయింది కాదు. అలాగే 1998 నాటిదని చెప్పే ఉత్తరం గౌతమి ఫాంట్‌లో ఉన్నా అంతే. తర్వాత తిరిగి టైపు చేసిన నకలు కావచ్చు, ఆ మాట చెప్పాలి కదా మరి.

ఇప్పుడు తిరగేసి అడుగుదాం. ఫాంట్ సరిగ్గా ఉంటే పత్రం నిజమైనదేనా? కాదు. ఇదే అసలు కీలకం. వేషం అబద్ధాన్ని పట్టివ్వగలదు గానీ నిజాన్ని రుజువు చెయ్యలేదు.

రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ తేడా తెలియకే నష్టపోతున్నారు. జీవన ప్రమాణ పత్రం గడువు ముగిసింది, ఈ లింకులో వివరాలు నింపకపోతే పెన్షన్ ఆగిపోతుంది అంటూ ఒక ఉత్తర్వు తిరిగింది. తెలిసిన పెద్దాయన ఒకరు నాకు ఫోన్ చేసి, "గురువుగారూ, పైన మూడు సింహాలున్నాయి, కింద సంతకం ఉంది, గడువు తేదీ ఎర్రటి బోల్డులో ఉంది, ఇంకేం కావాలండీ?" అన్నారు. "ఫైలు నంబరు చూశారా? ఆ నంబరుతో శాఖ వెబ్‌సైట్‌లో ఉత్తర్వు ఉందా?" అని అడిగాను. లేదు. నింపకుండా ఆగారు, ఆయన డబ్బు దక్కింది. జాతీయ చిహ్నాన్ని దుర్వినియోగం చెయ్యకూడదని 2005లో చట్టమే వచ్చింది, కానీ చట్టం కాపీ-పేస్ట్‌ను ఆపలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూడండి. 2020 ఏప్రిల్ 23న కరువు భత్యం మూడు విడతలు నిలిపేస్తూ ఆర్థిక శాఖ ఇచ్చిన మెమోరాండంలో ఎర్ర అక్షరాలు లేవు, ఆశ్చర్యార్థకాలు లేవు. చప్పగా, నీరసంగా ఉంది. మన జేబుకు చిల్లు పెట్టిన ఆ కాగితమే నిజం. నిజానికి అరవాల్సిన అవసరం లేదు, దానికి ఫైలు నంబరు ఉంది.

ఈ ఫరీదాబాద్‌లోనే ఎన్.ఐ.టి. ప్రాంతంలోని భారత ప్రభుత్వ ముద్రణాలయంలో గెజిట్ భాగాలు అచ్చయ్యేవి. 2015 అక్టోబర్ నుంచి గెజిట్ కాగితం మీద అచ్చు వెయ్యడం మానేసి నెట్‌లోనే పెడుతున్నారు. దానివల్ల పోయింది కాగితం వాసన, వచ్చింది ఒక సదుపాయం: ఎవరైనా ఇంట్లో కూర్చుని అసలుతో సరిచూసుకోవచ్చు. ఇంతకుముందు పోస్టుకార్డు మూలలకు పసుపు పూసి "పదమూడు మందికి రాయకపోతే అరిష్టం" అని పంపేవాళ్ళు. ఇప్పుడు పసుపు బదులు బోల్డు, అరిష్టం బదులు "శాస్త్రవేత్తలు తేల్చారు". సరుకు అదే.

కాబట్టి ఇకనుంచి ఏదైనా సందేశం లావుగా, ఎర్రగా, గీతలతో వస్తే ఒక చిన్న పని చెయ్యండి. దాన్ని కాపీ చేసి, ఫార్మాటింగ్ అంతా తీసేసి, మామూలు నల్ల అక్షరాల్లో పెట్టి చదవండి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆధారం ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు జవాబులు అప్పుడు కూడా మిగిలితే సరే. మిగలకపోతే, అక్కడున్నది లాటరీ పోస్టరే.