పంచరత్నం మూడు ఫలకాలు: ఒక దృశా సాధనం చరిత్ర

కాంతి ధ్రువణ చరిత్రను వివరించే గ్రంథాలు సాధారణంగా ఐస్‌లాండ్ స్పార్ స్ఫటికంతో మొదలై, 1828 నాటి నికల్ పట్టకం మీదుగా పోలరాయిడ్ పలకల దాకా సాగుతాయి. 1955లో బెంగళూరు నుంచి వెలువడిన రెండు చిన్న పత్రాల ప్రస్తావన వాటిలో అరుదు. రచయిత ఎస్. పంచరత్నం, సి.వి. రామన్ మేనల్లుడు, రామన్ పరిశోధన సంస్థలో పరిశోధకుడు. అప్పటికి ఆయన వయస్సు 21 ఏళ్లు.

ఆయన ఎదుర్కొన్న సమస్య పాతదే. ద్వివక్రీభవన స్ఫటికంలో కాంతి రెండు అంశాలుగా విడిపోయి వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తుంది. ఒకటి రెండోదానికన్నా పావు తరంగదైర్ఘ్యం వెనుకబడేలా స్ఫటికాన్ని పలుచగా కోస్తే పావుతరంగ ఫలకం తయారవుతుంది. అది రేఖీయ ధ్రువణాన్ని వృత్తీయ ధ్రువణంగా మార్చగలదు. అయితే పసుపు కాంతికి సరిపోయిన మందం నీలానికి ఎక్కువ, ఎరుపుకు తక్కువ అవుతుంది. పంచరత్నం వేరే పదార్థాన్ని వెతకలేదు. ఒకే పదార్థపు ఫలకాలు మూడింటిని పేర్చాడు. బయటి రెండూ సమానమైనవి, వాటి అక్షాలు సమాంతరం. నడుమ అర్ధతరంగ ఫలకం, గణించిన కోణంలో తిప్పి అమర్చినది. రంగు మారినప్పుడు ఒక్కొక్క ఫలకంలో తలెత్తే దోషాలు ఈ అమరికలో చాలావరకు పరస్పరం రద్దవుతాయి.

ఆ కోణాన్ని కనుగొనడానికి ఆయన ఆశ్రయించింది పాంకరే గోళాన్ని. దానిపై ప్రతి ధ్రువణ స్థితీ ఒక బిందువు, ప్రతి ఫలకమూ ఒక భ్రమణం. (గోళపు ధ్రువాల వద్ద ఉండేది వృత్తీయ ధ్రువణమే కనుక, మన పారిభాషిక పదం ఇక్కడ యాదృచ్ఛికంగా అక్షరార్థాన్ని కూడా పొందింది.) మరుసటి ఏడాది, 1956లో, అదే గోళంపై గీసిన త్రిభుజం నుంచి ఆయన మరో ఫలితాన్ని రాబట్టాడు: ధ్రువణ స్థితి మూడు బిందువుల మీదుగా తిరిగి మొదటికి వస్తే, కాంతి దశలో ఆ త్రిభుజపు ఘనకోణంలో సగానికి సమానమైన మార్పు మిగులుతుంది.

1984లో మైకేల్ బెర్రీ క్వాంటం వ్యవస్థలలో జ్యామితీయ దశను ప్రతిపాదించాడు. 1986లో రామశేషన్, నిత్యానంద ‘కరెంట్ సైన్స్’లో పంచరత్నం ఫలితాన్ని గుర్తుచేశారు, మరుసటి ఏడాది బెర్రీ స్వయంగా దాని ప్రాధాన్యాన్ని చాటాడు. అప్పటినుంచి పంచరత్నం పేరు ఎక్కువగా బెర్రీ పేరు పక్కనే వినిపిస్తోంది. ఈ క్రమంలో 1955 పత్రాలు సాంకేతిక వివరంగా కుదించుకుపోయాయి. ఇది సరికాదని నా అభిప్రాయం. సాధనాన్ని రూపొందించిన జ్యామితీ, సిద్ధాంతాన్ని అందించిన జ్యామితీ ఒక్కటే. మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని చదివితే 1956 ఫలితం అకస్మాత్తుగా స్ఫురించినట్లు కనిపిస్తుంది.

పంచరత్నం 1969లో, 35 ఏళ్ల వయస్సులో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు. విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణపు ధ్రువణాన్ని కొలిచే దూరదర్శినులలో నేడు నీలమణి ఫలకాలను ఆయన పద్ధతిలోనే పేరుస్తున్నారు.